విశాల కూటమికి కుర్చీలు వేసినవాడు

దేశంలో ఒక్కరంటే ఒక్కరు కూడా బయట మిగలకుండా అందరూ కలిశాకే మొదటి సోలార్ ప్యానెల్ బిగిస్తామని విద్యుత్ మంత్రిగారు ప్రకటించారు. ఇంత పెద్ద మనసున్న ప్రకటన ఈ మధ్యకాలంలో ఎవరూ వినలేదు. ప్యానెళ్ళు బిగించి ఆ తర్వాత జనాన్ని పిలిచే ప్రభుత్వాలు ఎన్నో వచ్చాయి, పోయాయి. ముందు జనాన్ని పిలిచి, వాళ్ళ మనసులు కలిపి, ఆ తర్వాత తీరిగ్గా ఎండ సంగతి చూద్దామన్న మంత్రి ఈయనొక్కడే.

పథకం పేరు విశాల హరిత కూటమి. పొగ లేని కరెంటు, దానికి పెట్టుబడులు, దాంతో పచ్చని ఉద్యోగాలు. ఊరి చివర మూతపడ్డ నూలు మిల్లు వెనక బీడు ఉంది కదా, ప్యానెళ్ళన్నీ అక్కడే. తొలివిడతగా నలభై ఉద్యోగాలు. మంత్రిగారు ఈ మాట చెబుతుండగానే కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్ వేశారు. మిగతా ఉపన్యాసం ఆ హోరులోనే సాగింది, అందుకని ఉద్యోగాలు ఎప్పుడన్న ముక్క ఎవరికీ సరిగా వినిపించలేదు.

"ఈ కూటమికి కన్వీనర్‌గా," అని మంత్రిగారు ఆగి, పక్కకు చూసి, "మన కుర్చీల బాబాయిని నియమిస్తున్నాను" అన్నారు.

పార్టీలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నాయకులు మారారు, జెండా రంగు కాస్త మారింది, బాబాయి మాత్రం ప్రతి సభకీ తెల్లవారకముందే వచ్చి కుర్చీలు వేస్తూనే ఉన్నాడు. వరసకి తాడు పట్టి, మధ్యలో దారి వదిలి, వేదిక ఎటుంటే అటు తిప్పి మరీ వేస్తాడు. ఆయనకొక బలహీనత ఉంది. సభలో ఎవరైనా నిలబడి కనిపిస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. కుర్చీ పట్టుకుని పరిగెత్తి, ఆ మనిషి మోకాళ్ళ వెనక్కి మెల్లగా ఆనిస్తాడు. మనిషి తనంతట తనే కూర్చుంటాడు. ఎన్నో గొడవలు అలా మొదలవకుండానే ఆగిపోయాయి. ఆయన మాత్రం ఇంతవరకు ఏ సభలోనూ కూర్చోలేదు.

"కూటమి కట్టడమంటే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టడమే కదయ్యా," అన్నారు మంత్రిగారు. "మన పార్టీలో ఆ అనుభవం ఇంకెవరికుంది?"

బాబాయి అక్క ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే ఆమె సంతోషించింది గానీ, మేనకోడలు సంతోషించలేదు. ఆ పిల్ల సర్కారు వాళ్ళు పెట్టిన సోలార్ కోర్సు ఆరునెలలు చదివింది. బీడులో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది ఆమె బ్యాచే. ప్యానెళ్ళు మిల్లు షెడ్డులో చెక్కపెట్టెల్లో ఉన్నాయి. స్టాండ్లున్నాయి, ప్యానెళ్ళున్నాయి, పైన ఎండ కూడా ఉంది. ఉద్యోగం ఒక్కటే లేదు. ఈలోగా బజారులో డీజిల్ జనరేటర్ల యజమాని, ఆమె పనితనం చూసి, తన షాపులో మెకానిక్‌గా చేరమని కబురుపెట్టాడు.

"ఎప్పుడు మావయ్యా మా ఉద్యోగాలు?" అంది మేనకోడలు.

"అందరూ కలిశాక."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరేనే."

"పెళ్ళిక్కూడా వచ్చినవాళ్ళతోనే తాళి కట్టేస్తారు. రానివాళ్ళ కోసం ముహూర్తం ఆపరు."

"ఇది పెళ్ళి కాదు, పాలసీ," అన్నాడు బాబాయి.

అక్క మధ్యలో కల్పించుకుంది. "ఒరే తమ్ముడూ, జనరేటర్ల ఆయన ఎక్కువకాలం ఆగడు. నీ మాట నమ్మి దీన్ని ఆపుతున్నాను. నాన్న మందులకి చేసిన అప్పుతో ఇప్పటికే పక్కింటివాళ్ళ ముందు తలెత్తుకోలేకపోతున్నాను."

"నా మాట మీద ఆపు అక్కా. ఈ కూటమి నేను కడుతున్నదేగా," అన్నాడు బాబాయి. ఆ మాట అనగానే ఆయనకు లోపలెక్కడో గుబులు పుట్టింది, కానీ మర్నాడు కన్వీనర్ బ్యాడ్జి వచ్చేసరికి సర్దుకుంది.

ముందు బొగ్గు వర్తకుల సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. తెల్లటి బట్టల్లో, తెల్లటి గదిలో కూర్చుని ఉన్నాడాయన.

"మేము సోలార్‌కి వ్యతిరేకమని నీకెవడు చెప్పాడు బాబాయ్? అసలు బొగ్గంటే ఏమిటి? కోట్ల ఏళ్ళనాటి ఎండ. చెట్లు ఆ ఎండ తాగాయి, మట్టిలో పడుకున్నాయి, మేము తవ్వి తెచ్చాం. మేము అమ్మేది కూడా సోలారే. కాకపోతే పాత స్టాకు."

బాబాయి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

"మమ్మల్ని సీనియర్ సోలార్ అనండి. చేరిపోతాం," అన్నాడాయన.

మంత్రిగారికి చెబితే ఆయన కళ్ళు చెమర్చాయి. "పెద్దల్ని గౌరవించుకోలేకపోతే కూటమి ఎందుకు?" అన్నారు. శాఖ కార్యదర్శి అప్పటికప్పుడు ఆ మాటను రోడ్‌మ్యాప్‌లో చేర్చాడు.

తర్వాత పెట్టుబడిదారు వచ్చాడు. వెలుతురు పడనట్టుంది, ఆఫీసు గదిలో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యలేదు.

"ఎండ రాకపోతే నా పెట్టుబడి గతేమిటి?" అన్నాడు.

"ఎండ తరపున ప్రభుత్వం పూచీ," అన్నాడు కార్యదర్శి.

"రాత్రిళ్ళు ఎలాగూ రాదు. ఆ నష్టం?"

"రాత్రి నష్టం కూడా భరిస్తాం. ఇన్వెస్టర్ కాన్ఫిడెన్స్ ముఖ్యం."

"ఒకవేళ ప్యానెళ్ళే బిగించకపోతే?"

"అప్పుడూ మీ రాబడి మీకే."

"అలాంటప్పుడు బిగించడం దేనికండీ, అవి అరిగిపోవడం తప్ప," అని పెట్టుబడిదారు నవ్వుతూ చేరాడు.

చెట్ల సంఘం మాస్టారు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. ప్రతి ప్యానెల్ పక్కనా ఒక మహావృక్షం ఉంటే తప్ప చేరనన్నాడు.

"నీడ పడుతుంది కదా మాస్టారూ," అన్నాడు బాబాయి, మేనకోడలు ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి.

"పడనీ నాయనా. పొద్దస్తమానం ఎండలో మాడితే అవి మాత్రం ఎన్నాళ్ళుంటాయి?"

కార్యదర్శి అదీ చేర్చాడు. ప్రతిపక్ష నాయకుడు ఇంకా సూటిగా మాట్లాడాడు.

"చేరతాం. చేరి వ్యతిరేకిస్తాం. నాకు వేదిక చివర కుర్చీ కావాలి. మధ్యలో లేచి వెళ్ళిపోతాను, ఎవరి కాళ్ళూ తొక్కకుండా వెళ్ళే వీలుండాలి."

"మళ్ళీ వస్తారా అండీ?"

"భోజనాల వేళకి వస్తాను. అది ప్రజాస్వామ్యం."

డీజిల్ జనరేటర్ల యజమాని ఏ షరతూ పెట్టలేదు. సభలన్నిటికీ కరెంటు తనదే అయితే చాలన్నాడు. బాబాయి మేనకోడలి సంగతి కదిపితే, "ప్రారంభోత్సవం సాయంత్రం దాకా ఆ పని ఖాళీగా ఉంచుతాను బాబాయ్. అటుపైన నన్ననొద్దు," అన్నాడు మర్యాదగా.

ఇంతకీ కూటమిలో సభ్యులెవరు, కానివారెవరు అన్న ప్రశ్న వచ్చింది. ఎవరి పేరు ముందు రాయాలన్న దగ్గర పట్టింపులొచ్చి సంతకాలు కుదరలేదు. చివరికి కార్యదర్శి తేల్చాడు. వేదిక మీద ఎవరికి కుర్చీ ఉందో వాళ్ళే సభ్యులు. కూర్చుంటే చేరినట్టు, అంతే. బాబాయి ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ తను వేసినవి ఉత్త కుర్చీలనుకున్నాడు. రాజ్యాంగమని తెలియదు.

ఆ తర్వాత ఉద్యోగాల పంపకం దగ్గర మొత్తం తెగేదాకా వచ్చింది. ఉన్నవి నలభై. సీనియర్ సోలార్‌వారు పెద్దరికం కింద సగం అడిగారు. ప్రతిపక్షం వ్యతిరేకిస్తూనే సగం అడిగింది. పెట్టుబడిదారు తన ఇద్దరు అల్లుళ్ళకీ సూర్యుడంటే చిన్నప్పటినుంచీ ఇష్టమన్నాడు. చెట్ల మాస్టారు బల్ల గుద్దాడు. అందరూ లేచి నిలబడ్డారు.

అంతమంది నిలబడటం బాబాయి చూడలేకపోయాడు. జీవితంలో మొదటిసారి సమావేశంలో నోరు తెరిచాడు.

"అయ్యా, కూటమిలో ఉన్న ఏ ఒక్కరూ ఉద్యోగం తీసుకోకూడదు, వాళ్ళ మనుషులూ తీసుకోకూడదు అనేస్తే గొడవే ఉండదు కదండీ. కోర్సు చదివినవాళ్ళకో, ఆ బీడులో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళకో ఇచ్చేస్తే సరి."

తనకు రాకపోయినా పర్లేదు, పక్కవాడికి మాత్రం రాదన్న ఆనందం ఒక్కొక్కరి ముఖంలో నెమ్మదిగా వెలిగింది. తీర్మానం ఏకగ్రీవం. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. "బాబాయ్, నువ్వు రాజనీతిజ్ఞుడివయ్యా," అన్నారు మంత్రిగారు.

బాబాయి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు. "ఇక నీకు అడ్డెవరూ లేరే," అన్నాడు మేనకోడలితో. "కోర్సు చదివింది మీరు. కూటమిలో లేనిదీ మీరు. ఉద్యోగం ఇంకెవరికి పోతుంది?"

ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. అక్క కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది.

ప్రారంభోత్సవానికి అంత విశాలమైన కూటమిని మోసే వేదిక టెంటువాడి దగ్గర దొరకలేదు. దాంతో బీడులోని ఇనుప స్టాండ్ల మీద చెక్కలు పరిచారు. సోలార్ స్టాండ్ల మీద నిలిచిన మొట్టమొదటి ప్రభుత్వం తమదేనని మంత్రిగారు గర్వంగా చెప్పారు. కింద, సభ్యులు బస్సుల్లో తెచ్చిన జనం. పక్కన జనరేటర్. ప్రతిపక్ష నాయకుడు రెండుసార్లు వాకౌట్ చేసి వచ్చాడు.

"ఈ కూటమిలో చేరకుండా ఎవరైనా మిగిలారా?" అని మంత్రిగారు మైకులో అడిగారు. జవాబు కోసం అడిగింది కాదది.

"మేం మిగిలాం," అని వినిపించింది.

కోర్సు చదివినవాళ్ళంతా వేదిక ముందు ఎండలో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు మేనకోడలు. "మీ కూటమి మాకొద్దు సార్. ఉద్యోగాలు ఇస్తామన్నారు, ఈ సాయంత్రంలోగా ఇవ్వండి. రేపటినుంచి నాకు ఇంకోచోట పనుంది."

మంత్రిగారి చిరునవ్వు అలాగే ఉండిపోయింది. కార్యకర్తలు చొక్కా చేతులు మడిచారు. ఫొటోగ్రాఫర్లు ఇటు తిరిగారు. బాబాయికి అవేవీ కనిపించలేదు. ఆయనకు కనిపించింది ఒక్కటే, సభలో నలభై మంది నిలబడి ఉన్నారు. అందులో సొంత మేనకోడలు.

పరిగెత్తాడు. కింద కుర్చీలన్నీ నిండిపోయాయి, ఖాళీ ఉన్నది వేదిక కుడివైపే. మిల్లు షెడ్డులోంచి కుర్చీలు మోసుకొచ్చి, ఒక్కొక్కరినే పైకెక్కించి, మోకాళ్ళ వెనక ఆనించాడు. చివరికి మేనకోడలు మిగిలింది.

"మావయ్యా, కుర్చీ వద్దు నాకు. పని కావాలి."

"ముందు కూర్చోవే తల్లీ. నిలబడి అడిగితే గొడవలా కనబడుతుంది. కూర్చుని అడుగు, ఇస్తారు."

ఆ పిల్ల మావయ్య ముఖం చూసింది. చెమటతో తడిసి, ఒగరుస్తూ, కుర్చీ పట్టుకుని నిలబడ్డ ఆ ముఖం చూసి కాదనలేక కూర్చుంది.

కార్యదర్శి మైకు అందుకున్నాడు. "కూటమి సంపూర్ణం. కోర్సు చదివిన యువత కూడా ఇప్పుడే సభ్యత్వం స్వీకరించారు." చప్పట్లు. "ఇక ఉద్యోగాలు. తీర్మానం ప్రకారం సభ్యులు అనర్హులు కాబట్టి..." అని ఆగి, వేదికను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. "బీడులో పనిచేసిన అనుభవం ఉండి, కూటమిలో లేనివారు ఎవరైనా ఉన్నారా?"

వేదిక మీద కుర్చీ లేకుండా ఒకే ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు, పొద్దుట నుంచీ ఆ బీడులో కుర్చీలు మోసినవాడు.

"బాబాయ్, నువ్వెక్కడ కూర్చున్నావు?" అన్నారు మంత్రిగారు.

"నేనా అండీ? నేను కూర్చోను కదండీ."

మంత్రిగారు ఆయన్ని కౌగలించుకున్నారు. దేశపు తొలి పచ్చని ఉద్యోగి అని పరిచయం చేశారు. కూటమి యావత్తూ లేచి చప్పట్లు కొట్టింది. మేనకోడలు ఒక్కతే కూర్చునే ఉంది. ఆ సాయంత్రమే వెళ్ళి జనరేటర్ల షాపులో చేరిపోయింది.

బాబాయి మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. ప్యానెళ్ళు బిగిద్దామంటే స్టాండ్లు వేదిక కింద ఉన్నాయి. వేదిక విప్పాలంటే కూటమి ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ప్రతిపక్షం వాకౌట్‌లో ఉంది. ఎలా బిగించాలో ఆయనకు తెలియదు, తెలిసినవాళ్ళు సభ్యులైపోయారు. ఊరికే జీతం తీసుకోవడం ఆయనకు చేతకాదు. ఆలోచించి ఆలోచించి, తనకు వచ్చిన పని మొదలుపెట్టాడు.

నెల తిరిగేసరికి మంత్రిగారు పురోగతి సమీక్షకు వచ్చారు. జనరేటర్ బండి వెంట మేనకోడలు వచ్చింది, చేతులకు గ్రీజు. బీడు చూసి అలాగే నిలబడిపోయింది. కుర్చీకొక ప్యానెల్. తాడు పట్టినట్టు వరసలు, మధ్యలో దారి. ప్యానెళ్ళన్నీ వేదిక వైపు తిరిగి కూర్చుని ఉన్నాయి.

"మావయ్యా," అంది మెల్లగా, "ఎండ అటుంది."

"మంత్రిగారు ఇటున్నారు కదే," అన్నాడు బాబాయి.

మంత్రిగారు వేదికెక్కారు. కింద వరసలు వరసలుగా నల్లటి అద్దాలు, ప్రతి అద్దంలోనూ ఆయనే. చాలాసేపు అలా చూశారు. ఏ ఊళ్ళోనూ ఆయనకు ఇంత నిండు సభ దొరకలేదు. ఎవరూ లేవలేదు, ఎవరూ దగ్గలేదు, ఎవరూ ఏదీ అడగలేదు.

గొంతు సవరించుకుని మైకు కోసం చెయ్యి చాపారు.

మేనకోడలు జనరేటర్ తాడు లాగింది.