గిన్నె వచ్చింది, బల్ల పోతోంది

ఈ రోజుల్లో కుటుంబాలను నిలబెడుతున్నది ప్రేమ కాదు, చర్చి కాదు, ప్రభుత్వం అసలే కాదు. రైస్ బౌల్!

నవ్వకండి. పదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి, నాకు పెద్ద మాటలు రావు. కానీ ముప్పై నాలుగేళ్లుగా ఉత్తర మినసోటాలో ఇంటింటి నేలమాళిగలోకి దూరి హీటర్లు బాగుచేస్తున్నాను. జనం ఏం తింటున్నారో, ఎక్కడ కూర్చుని తింటున్నారో నాకు తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకీ తెలియదు. అందుకే బల్ల గుద్ది చెబుతున్నాను. గుద్దడానికి ఇంట్లో బల్లంటూ ఉండాలనుకోండి, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా ఆవిడ మార్లా స్కూలు బస్సు నడుపుతుంది. అరవైమంది పిల్లల అరుపులు చెవుల్లో మోసుకుంటూ ఐదున్నరకి ఇల్లు చేరుతుంది. కోటు విప్పకుండానే కుక్కరులో బియ్యం పడేస్తుంది. పెనం మీద ఖీమా వేయించి, సోయా సాసూ కాస్త పంచదారా తగిలిస్తుంది. ఫ్రీజర్లోని మొక్కజొన్న, డబ్బాలోని రాజ్మా, నిన్నటి క్యాబేజీ, మొన్నటిదేదో పేరు తెలియనిది ఒకటి, అన్నీ వంటగట్టు మీద వరసగా పెట్టేస్తుంది. ఇరవై నిమిషాలు! బయట ఒక్కడు తినే డబ్బుతో ఇంట్లో ఐదుగురికి భోజనం!

"ఎవరిది వాళ్లు పెట్టుకోండహో!" అని ఒక్క కేక. అంతే. ఒక్కొక్కరూ వచ్చి గిన్నె నింపుకుని, పైన కారపు మయొనైజ్ ముగ్గులేసుకుని బయల్దేరతారు.

ఎటు బయల్దేరతారు? అక్కడే ఉంది మహిమ! పళ్లెం పట్టుకున్నవాడు ఎంత ఎగిరినా చివరికి బల్ల దగ్గరికే రావాలి. గిన్నెకి ఆ బానిసత్వం లేదు. గిన్నె అంటే కాళ్లొచ్చిన పళ్లెం.

మావాడు కోడీకి పదిహేనేళ్లు. వాడి గిన్నె మెట్లెక్కి వాడి గదిలోకి వెళ్తుంది. చెవులకి హెడ్‌ఫోన్లు, ఒక చేత్తో చెంచా, రెండో చేత్తో వీడియో గేమ్ యుద్ధం. పోయిన నెల వాడు భోజనం చేస్తూ చేస్తూ మూడు నగరాలు కూల్చాడు. నేను వాడి వయసులో భోజనం చేస్తూ కూల్చింది ఒక్క పాల గ్లాసు. దానికే మా నాన్న వీపు విమానం మోత మోగించాడు. ఇది అభివృద్ధి కాదా?

మా అమ్మాయి బ్రిట్టా మాంసం ముట్టదు. తన గిన్నె తలుపేసుకుని తింటుంది. ఖీమా వాసన కూడా సోకకూడదట.

మా అత్తగారు ఆర్డిస్, డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, టీవీ ముందు పడక కుర్చీలో గిన్నెను పొట్ట మీద నిలబెట్టి తింటుంది. "కాస్త బల్ల దగ్గరికి రావచ్చుగా ఆర్డిస్ గారూ" అన్నానొకసారి.

"మా ఆయన నలభై ఒక్క ఏళ్లు నా ఎదురుగా కూర్చుని తిన్నాడు గ్లెన్," అంది టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "ఒక్కనాడు నోరు విప్పి బాగుందన్లేదు. టీవీయే నయం. వంట పోటీల్లో వాళ్లు పక్కవాళ్ల వంటనైనా మెచ్చుకుంటారు."

మార్లా గిన్నె, పాపం, బస్సు డ్రైవర్ల యూనియన్ ఫోన్ కాల్‌తో పాటు గరాజ్‌లోకి వెళ్తుంది.

ఈ ఏర్పాటులో నష్టపోయినది ఒక్క డీజిలే. డీజిల్ మా కుక్క. ఇదివరకు బల్ల కింద పడుకుంటే చాలు, ఐదువైపుల నుంచీ మెతుకులు రాలేవి. ఇప్పుడు మేడ మీదికీ, టీవీ దగ్గరికీ, గరాజ్‌లోకీ పరుగులు తీసి తీసి చిక్కి సగమైంది. డాక్టరు దాన్ని చూసి, "భలే వ్యాయామం చేయిస్తున్నారే!" అని నన్ను మెచ్చుకున్నాడు. చూశారా, రైస్ బౌల్ కుక్కలకి కూడా ఆరోగ్యమే!

ఒకప్పుడు మా ఇంట్లో హాట్‌డిష్ ఉండేది. ఖీమా, బఠాణీలు, డబ్బా సూపు కలిపి, పైన బంగాళాదుంప ముక్కలు పరిచి ఓవెన్లో పెట్టే వంటకం. ఆ పెద్ద మూకుడు బల్ల నడుమ దిగేది. చుట్టూ మేము. అబ్బో, ఏం యుద్ధాలు! మూలనున్న కరకరలాడే ముక్క కోసం, ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందని... ఇప్పుడా పీడ విరగడైంది. ఇల్లంతా ఎంత ప్రశాంతం! ఫ్రిజ్ గురగురమనడం కూడా వినిపిస్తుంది. నేనొక్కణ్ణీ బల్ల దగ్గర కూర్చుని రోజూ వింటుంటాను.

ఆ బల్ల గురించి చెప్పాలి. నేను మానేసిన బడిని పదహారేళ్ల కిందట పడగొట్టారు. వ్యాయామశాల నేలకి పరిచిన మేపుల్ పలకలు చెత్తబండి ఎక్కుతుంటే అడ్డం పడి తెచ్చుకున్నాను. ఆ బడి నుంచి నాకు దక్కింది అదొక్కటే. ఒక చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని బల్ల చేశాను. బాస్కెట్‌బాల్ ఆటకి వేసిన ఎర్ర గీత ఒకటి బల్లకి అడ్డంగా పోతుంది. నేను దాన్ని చెరపలేదు. పిల్లలు చిన్నప్పుడు గీతకి అటొకరూ ఇటొకరూ కూర్చునేవాళ్లు. గీత దాటితే ప్రపంచ యుద్ధమే.

ఆదివారం మార్లా చల్లగా చెప్పింది: "బల్ల లైల్‌కి ఇచ్చేస్తున్నా. శనివారం మనుషుల్ని తెచ్చుకుని పట్టుకుపోతానన్నాడు."

లైల్ మా వీధివాడే. చెరువు ఒడ్డున అతనికో చెక్క ఇల్లుంది. ఊరి బయటినుంచి వచ్చేవాళ్లకి అద్దెకిస్తుంటాడు.

"ఎందుకివ్వడం?" అన్నాను.

"దాని మీద ఏముందో చూడు గ్లెన్."

చూశాను. ఉతికిన బట్టలు, కరెంటు బిల్లులు, కోడీ స్కేట్లు, హాలోవీన్ నాటి గుమ్మడికాయ. ఓ మూల నా మోచేతులకి సరిపడా ఖాళీ.

"మళ్లీ హాట్‌డిష్ చేస్తే..." అని నసిగాను.

"పద్దెనిమిదేళ్లు చేశాను. పద్దెనిమిదేళ్లూ ఒకడు బఠాణీలు ఏరాడు, ఒకతె మాంసం ఏరింది, మా అమ్మ ఉప్పు లేదంది, నువ్వు ఉప్పెక్కువన్నావు. ఇప్పుడెవరూ ఏరట్లేదు, ఎవరూ వంక పెట్టట్లేదు. నాకు హాయిగా ఉంది. నా హాయి నాకు వదిలెయ్యి బాబూ!"

ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే నా ఒళ్లు మండించింది.

సోమవారం పొద్దున్నే ఇంట్లోని గిన్నెలన్నీ మూటగట్టి నా ట్రక్కులో పెట్టి తాళం వేశాను. గిన్నె లేకపోతే పళ్లెం తీస్తారు, పళ్లెం తీస్తే బల్లకొస్తారు. లెక్క సరిగ్గానే ఉంది కదా? బడి మానేసిన బుర్రకి అంతకన్నా ఏం తడుతుంది!

సాయంత్రం కోడీ కాఫీ మగ్గులో అన్నం కుక్కుకుని మేడెక్కాడు. బ్రిట్టా పిండి కొలిచే కప్పు తీసుకుంది. మార్లా ఖాళీ ఐస్‌క్రీం బకెట్ పట్టుకుని గరాజ్‌లోకి నడిచింది. అత్తగారు అటూ ఇటూ చూసి, డీజిల్ గిన్నెను శుభ్రంగా తోమి, అందులో వడ్డించుకుంది. "లోతు బాగుందే!" అని మెచ్చుకుంది కూడా. కుక్క నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోలేను.

గిన్నెలు వెనక్కి తెచ్చి పెట్టేశాను.

బుధవారం డులూత్‌లో ఒక కొరియా ఆవిడ హోటల్లో హీటరు బాగుచెయ్యడానికి వెళ్లాను. పనయ్యాక ఆవిడ భోజనం పెట్టింది. నల్లటి రాతి గిన్నె. అన్నం, కూరలు, పైన గుడ్డు. లోపల అన్నం చిటపటలాడుతోంది. అలవాటు ప్రకారం గిన్నె ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోదామని చెయ్యి వేశాను.

నా అరుపుకి వంటవాడు బయటికొచ్చాడు.

"అది మోసుకుపోయే గిన్నె కాదయ్యా," అంది ఆవిడ, నా వేళ్లకి మంచుముక్క ఇస్తూ. "కూర్చో."

కూర్చో! ఆ ఒక్క మాట నా తలలో గంటలా మోగింది. అంచులు విరిగిన పాత రాతి గిన్నెలు ఐదుంటే నా కూలికి బదులు తీసుకుంటానన్నాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి ఇచ్చేసింది.

శుక్రవారం వంట వంతు నాది. మధ్యాహ్నమే ఇంటికొచ్చి, గిన్నెల కింద పెట్టడానికి ఐదు చెక్కలు కోశాను. బల్ల మీది బట్టలు, బిల్లులు, గుమ్మడికాయ తీసేశాను. ఇంట్లోని మసిగుడ్డలు, చేతితొడుగులు, మంచుబండి నడిపే గ్లౌజులతో సహా ఏరి ట్రక్కులో వేసి తాళం పెట్టాను. గిన్నెలు గంటసేపు ఓవెన్లో కాల్చాను. నూనె, అన్నం, పైన అదే ఖీమా, అదే మొక్కజొన్న, ఒక్కో గుడ్డు. బ్రిట్టా గిన్నెలో రాజ్మా. రాళ్ల ఖర్చు తప్పితే మార్లా వంటకన్నా ఒక్క పైసా ఎక్కువ కాలేదు!

అందరూ చేతులు చాచుకుని వచ్చారు. గిన్నెలు బల్ల మీద పాముల్లా బుస కొడుతున్నాయి.

"పట్టుకుపోండి," అన్నాను, వెల్డింగ్ గ్లౌజులు చేతులకి తొడుక్కునే కూర్చుని.

కోడీ వేలు పెట్టి తీసేశాడు. "అమ్మో! నా మంచుబండి గ్లౌజులేవి?"

"నాకేం తెలుసు?"

"ఇదెప్పుడు చల్లారుద్ది నాన్నా?"

"నాకేం తెలుసు?"

ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. హీటరు కోసం లైన్లో నిలబడ్డ కస్టమర్లలా ఎవరి గిన్నె వంక వాళ్లు చూసుకుంటూ. అన్నం చిటపటలు తప్ప చప్పుడు లేదు. నా ఏర్పాటు తన్నేసిందనుకున్నాను.

అప్పుడు బ్రిట్టా కోడీతో అంది: "నీ మోచెయ్యి గీత దాటింది."

"దాటలేదు."

"దాటింది. ఎర్ర గీత కనబళ్లేదా గుడ్డోడా?"

"నీ జుట్టు దాటింది ముందు. అయినా నీ గిన్నెలో గుడ్డుంది, గుడ్డు మాంసం కాదేంటి?"

"దానికీ దీనికీ సంబంధమేంట్రా!"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయలనుకున్నారు.

"కోడీ, రేపు హాకీ ప్రాక్టీసు ఎన్నింటికి?" అంది మార్లా.

వాడు చెంచాతో అన్నం కెలికాడు. లేచి మేడెక్కేవాడే, కానీ అన్నం వదలాలి, వాడికి ఆకలి. "హాకీ మానేశా," అన్నాడు చివరికి.

ఐదు గిన్నెలూ బుస కొట్టడం మానేసినట్టనిపించింది. మా ఊళ్లో హాకీ మానడమంటే మాటలా! జనం పెళ్లాల్ని మానేస్తారు గానీ హాకీ మానరు.

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

"మరి రోజూ సాయంత్రం ఎక్కడికి తగలడుతున్నావురా?" అన్నాను.

"కర్లింగ్‌కి."

"మంచు మీద రాయి దొర్లించి, దాని ముందు చీపుర్లతో ఊడుస్తారు, అదా?" అంది మార్లా. "ఇంట్లో ఏనాడైనా చీపురు ముట్టావా నువ్వు?"

"చెప్పొచ్చు కదరా!" అన్నాను.

"ఎవరికి చెప్పాలి?" అన్నాడు వాడు. కోపంగా కూడా అనలేదు.

మా అత్తగారు ముక్కు ఎగబీల్చింది. "ఏదో చెక్క కాలుతున్న వాసన."

"అన్నం అడుగంటింది," అన్నాను గబుక్కున. "ఈ వంటకానికి అదే రుచి."

"బాగుంది," అంది ఆవిడ. నలభై ఒక్క ఏళ్లు తను ఎదురుచూసిన మాట! తర్వాత కోడీ వైపు తిరిగింది. "మీ తాత కర్లింగ్ ఆడేవాడు. ఆయన చీపురు నా మంచం కింద ఉంది. విరగ్గొట్టనంటే ఇస్తా."

పదకొండు నిమిషాలు. ఓవెన్ గడియారంలో చూశాను. పన్నెండో నిమిషానికి గిన్నెలు చేతికొచ్చాయి, మనుషులు గదుల్లోకి పోయారు.

శనివారం లైల్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. మార్లా బల్ల మీద కప్పిన దుప్పటి తీసి, నేను కూర్చునేచోట వేలు పెట్టి చూపించింది. గిన్నె అంత గుండ్రటి మచ్చ. నల్లగా, బొగ్గులా.

"పెద్ద పొరపాటైపోయింది లైల్. ఇలాంటిది నీ అద్దె ఇంటి ఫొటోల్లో ఏం బాగుంటుంది?"

లైల్ వంగి గీకి చూశాడు. "ఏముందిలే, కాస్త సాన పడితే పోద్ది."

నేను మచ్చ మీద అరచెయ్యి కప్పాను.

"పోదు," అంది మార్లా. "లోతుగా దిగింది."

బండి వెళ్లిపోయాక ఆవిడ నావైపు తిరిగింది. "ఐదు చెక్కలు కోశావు. సింకులో నాలుగే ఉన్నాయి."

ఐదోది భోజనమంతసేపూ నా ఒళ్లోనే ఉంది. పదహారేళ్ల నాటి నా కష్టాన్ని నేనే కాల్చుకుంటూ కూర్చున్నాను. ఇది మీకూ నాకూ మధ్యే ఉండనివ్వండి. మార్లాకి ఎలాగూ తెలిసిపోయింది.

"శుక్రవారాలు మాత్రమే," అంది ఆవిడ లోపలికి వెళ్తూ. "రోజూ గంటసేపు ఓవెన్ వెలిగించి నేను చావలేను. ఇంకోటి, నా గ్లౌజులు నాకు ఇచ్చెయ్."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మొదట చెప్పిందే మళ్లీ చెబుతున్నాను, ఈసారి నిజంగానే బల్ల గుద్ది. రైస్ బౌల్ కుటుంబాలను నిలబెడుతుంది. చవక, రుచి, ఆరోగ్యం. దానికి వంక పెట్టేవాడు మూర్ఖుడు.

ఒక్కటే లోపం. చల్లారిపోతుంది.