బాధితురాలికి బెంచీ చాలు

దెబ్బ తిన్నవాళ్లకు కోర్టులో నోరెందుకండీ? వరండాలో బెంచీ వేశారుగా!

బాల నేరస్థుల కోర్టు మన కాలానికి దొరికిన వరమని నేను గట్టిగా వాదిస్తున్నాను. నమ్మకపోతే మా వదిన్ని చూడండి. ఆవిడ టైలరు. ఏడాది క్రితం ఒక మైనర్ కుర్రాడు వెనకనుంచి స్కూటర్ మీద వచ్చి ఆవిడ చేతిసంచి లాక్కుపోయాడు. సంచి వాడితో వెళ్లింది, వదిన రోడ్డు మీద పడింది, కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చెయ్యి ఆడుతోంది కానీ, ఏ అంచు మడిచి కుట్టినా చివర్లో కాస్త వంకర పోతోంది.

కుర్రాడు దొరికాడు. ఆనాటినుంచి వదినకు ఎంత సుఖమో! వాయిదా ఎప్పుడో చెప్పరు, గుర్తుపెట్టుకునే బాధ లేదు. కుర్రాడి పేరు చెప్పరు, నోరారా తిట్టుకుని పాపం మూటగట్టుకునే పని లేదు. పసివాడి భవిష్యత్తు కాపాడాల్సిందే, కాదన్నదెవరు? లోపలికి రానివ్వరు, కాబట్టి కాళ్లనొప్పి లేదు. ఫైల్లో ఆవిణ్ణి ‘సంచి యజమాని’ అన్నారట. మణికట్టు ఊసే లేదు. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి నలుగురిలో చెప్పకపోవడం మర్యాద కాదూ?

ఇన్ని సౌకర్యాలుండగా వదిన ఏం చేసింది? ఒక పేజీ రాసింది!

“నా చేతికి ఏమైందో వాడికి తెలియాలి మరిదీ. అంతకుమించి నాకేం వద్దు” అని ఒకటే పట్టు.

ప్రతి సోమవారం ఆ పేజీ పట్టుకుని వెళ్లడం, గుమాస్తా కళ్లజోడు సర్దుకుని “దీనికి మా దగ్గర కాలమ్ లేదమ్మా” అనడం, ఆవిడ వచ్చి బెంచీ మీద కూర్చోవడం. కాలమ్ లేనిచోట బాధ పెడితే రిజిస్టరు పాడైపోదూ?

మొన్న సోమవారం అదృష్టమో దురదృష్టమో, ఆవిడ అక్కడుండగానే ఆ సంచి కేసు నంబరు పిలిచారు. పక్క బెంచీ మీంచి పొడుగాటి కుర్రాడు లేచాడు. టైలరు చూపు కదా, ముందు ప్యాంటు మీద పడింది. అంచు చివర్లో కాస్త వంకర! వారం క్రితం ఒక పెద్దావిడ, మనవడు ముఖ్యమైన చోటికి వెళ్లాలంటూ వదిన దగ్గర పొడుగు చేయించుకున్న ప్యాంటు అది.

ప్యాంటు తీసుకెళ్లడానికి వచ్చింది వాడే కాబట్టి కుర్రాడూ గుర్తుపట్టాడు. “టైలరాంటీ కదా మీరు? ఇక్కడికొచ్చారేంటి?” అని, చనువుకొద్దీ ఇంకో మాట కూడా అనేశాడు. “కుట్టు వంకరొచ్చిందాంటీ, అమ్మమ్మ గొణుగుతోంది.”

వదిన చెయ్యి ముందుకు చాపింది. “పోయినేడు నువ్వు సంచి లాగినప్పుడు విరిగిన చెయ్యి ఇదే నాయనా. అప్పట్నుంచి నా కుట్టు వంకరే.”

కుర్రాడు వంగి ఆ మణికట్టు చూశాడు. “సంచి గురించే అడిగారాంటీ అందరూ. మీ చెయ్యి విరిగిందని నాకెవరూ చెప్పలేదు.”

వదిన పేజీ వాడి చేతిలో పెట్టింది. ఇంతలో బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు. “ఏయ్, కేసుతో సంబంధం లేనివాళ్లతో కబుర్లేంటి? పద, పద!”

తలుపు మూసుకుంది. ఏడాదిగా ఎవరూ గడప దాటనివ్వని కాగితం, ఆ కుర్రాడి జేబులో దర్జాగా లోపలికి వెళ్లిపోయింది.

అందుకే అయ్యా, వరండాలో ఆ బెంచీ కూడా వెంటనే తీసేయించాలని నా మనవి. కొట్టినవాడూ దెబ్బ తిన్నావిడా రెండు నిమిషాలు మాట్లాడుకుని తేల్చుకుంటే, ఏడాదిపాటు మనం నడిపిన కోర్టు పరువేం కాను?