నెకేసాను అప్పగించవలెను

పొయ్యి మీద గంజి ఉడికేలోపు ఆవును తోలుకొచ్చెయ్యాలని అచోలా ఆ ఉదయం బయల్దేరింది. ఆవు ముప్పై అడుగుల దూరంలోనే, రోడ్డుకు అవతల మరిది మంగేని పెరట్లో ఉంది. చిక్కల్లా ఆ రోడ్డుతోనే. ఇవతల ఉగాండా, అవతల కెన్యా. అన్న పోయిన వారానికే మంగేని ఆవును రోడ్డు దాటించాడు. పాలు లేక అచోలా టీ బడ్డీలో నల్ల టీయే మిగిలింది, లారీ డ్రైవర్లు మొహం చాటేశారు. ఏడాది తిరిగాక, నిన్ననే ఉగాండా కోర్టు ఆవు ఆమెదేనని తేల్చింది.

"తీర్పు బంగారంలా ఉంది వదినా," అన్నాడు మంగేని కాగితం తిరగేసి. "కానీ ఆవు మేసేది ఈ పక్క గడ్డి. ఈ పక్క కోర్టు ముద్ర వేయించుకురా."

"ఆవును కళ్ళెదుట పెట్టుకుని ముద్రంటావేంట్రా?"

"చట్టం వదినా! నాదేముంది?"

గంజి మాడింది. అచోలా కెన్యా కోర్టుకు నడిచింది.

తీర్పులో 'నెకేసాను అచోలాకు అప్పగించవలెను' అని ఉంది. ఆ ఇంట్లో ఆవుకు అత్తగారి పేరే పెట్టారు. ఏడాదిపాటు ఆ పేరు విని విని, ఉగాండా జడ్జిగారికి 'ఆవు' అని వేరే రాయాలని తోచలేదు.

"నెకేసాను అక్కడ బాగా చూసుకుంటున్నారా అమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఎక్కడ బాబూ! ముసలిది, కుంటుతుంది. ఎండలో కట్టేస్తున్నాడు."

"కట్టేస్తున్నాడా!"

"తాడుతో."

గుమాస్తా కళ్ళు తుడుచుకుని కాగితం మీద 'అత్యవసరం' అని రాశాడు. నెలలు పట్టే ముద్ర నాలుగు రోజుల్లో పడింది.

అయిదో రోజు కోర్టు అమీనా ఇద్దరు పోలీసులతో మంగేని గడప ఎక్కాడు. "నెకేసా ఎవరు?"

"నేనే," అంది మంగేని తల్లి చిక్కుళ్ళు ఒలుస్తూ.

"భయపడకు పెద్దమ్మా. ఇక నిన్నెవరూ కట్టెయ్యరు."

మంగేని అడ్డుపడితే అమీనా ముద్ర చూపించాడు. "చట్టమయ్యా! నాదేముంది?" ముసలామెను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, అచోలా చేత సంతకం పెట్టించుకున్నాడు.

అచోలాకు ఏడుపొచ్చింది. "నేనడిగింది ఆవును బాబూ!"

"కాగితంలో ఆవు లేదమ్మా."

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది. "టీ పొయ్యవే. ఇదేంటి, నల్లగా?"

ఆవుకు మాత్రం ముసలామె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు. సాయంత్రం పాలు పిండబోయిన మంగేనిని మోకాలి మీద తన్నింది. ఇవతలి నుంచి అత్తగారు "నెకేసా, రావే!" అని కేకేసింది. ఆవు తాడు తెంపుకుని, రోడ్డు దాటి, తిన్నగా టీ బడ్డీ ముందు ఆగింది.

వెనకే మంగేని కుంటుకుంటూ వచ్చాడు. "ఆవును ఉంచుకో వదినా, అమ్మను పంపు. ఇంట్లో పొయ్యి వెలగలేదు."

అచోలా అతనికి పాల టీ అందించింది. "నాదేముంది మంగేనీ? అమ్మ ఉన్నది ఈ పక్క. మీ కోర్టులో తీర్పు తెచ్చుకుని, మా కోర్టు ముద్ర వేయించుకురా."

అందులో 'తల్లి' అని రాయించడం మాత్రం మరిచిపోవద్దని అత్తగారే చెప్పింది.