ఫిల్టరు మీద తేదీ

నవ్వండి, ఫరవాలేదు. మూడు వారాలుగా మా ఇంట్లో నన్ను చూసి నవ్వనిది ఒక్క ఫ్రిజ్జు మాత్రమే. మీరు కూడా నవ్వితే కొత్తగా పోయే పరువేం లేదు. కాకపోతే చివరిదాకా విని నవ్వండి.

మా కారు మీకు తెలుసుగా. పంతొమ్మిదేళ్ళ చిన్న కారు. నలుగురు ఎక్కితే ఐదో మనిషి గొడుక్కి కూడా చోటుండదు. అది మా మామగారిది. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు క్లచ్చు తొక్కనివ్వడం మానేశాక దాన్ని మాకిచ్చేశారు. అది వచ్చాక నాన్న తనని పట్టించుకోవడం మానేశాడని మా ఆవిడ దాన్ని ‘చెల్లి’ అంటుంది. ఆ వరసన నాకు మరదలు.

ఇచ్చేటప్పుడు మామగారు ఒక్కటే షరతు పెట్టారు.

“అల్లుడుగారూ, నడపండి, కడగండి, ముద్దు చేసుకోండి. ఆయిలు మాత్రం నేనే వచ్చి మారుస్తాను.”

అన్నట్టే ఆరు నెలలకోసారి పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సులో వచ్చి, ఆయిలూ ఫిల్టరూ మార్చి, కాఫీ తాగి వెళ్ళేవారు. పంతొమ్మిదేళ్ళలో ఆ కారు కింద ఒక్క చుక్క పడలేదు. ఈ గొప్ప ఆయన ఎప్పుడూ చెప్పుకోరు. మా ఆవిడ చెప్తుంది, రోజుకి రెండుసార్లు.

అదే నన్ను కుట్టింది. ఫోనులో పదకొండు వీడియోలు చూశాను. ఫలానా ఆయిలు పోస్తే ముసలి ఇంజను పడుచుదైపోతుందని అందులో ఒకాయన ఒట్టేసి చెప్పాడు. మామగారు వచ్చి వెళ్ళి నెల కూడా కాలేదు. అయినా ఒక మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి, మా ఆవిడ అటు వెళ్ళగానే ఆయన పోసిన ఆయిలు దింపేసి, ఆయన బిగించిన ఫిల్టరు విప్పేసి, రెండూ కొత్తవి పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మైలేజి పెరిగి ఇంట్లో అందరూ ఆశ్చర్యపోతున్నప్పుడు మెల్లగా బయటపెడదామని నా పథకం.

గురువారం పొద్దున్నే మా ఆవిడ గేటు దగ్గర నుంచి పిలిచింది.

“ఏవండీ, చెల్లి కింద తడిగా ఉంది.”

“ఏసీ నీళ్ళులే.”

“ఏసీ నీళ్ళు నల్లగా ఉంటాయా?”

“రోడ్డు మీద దుమ్ము కలిసి ఉంటుంది.”

“ఏసీ పాడై రెండేళ్ళయిందండీ.”

నాకు ఉన్నట్టుండి ఆఫీసుకి టైమైపోయింది.

ఆ సాయంత్రం పన్నెండో వీడియో చూశాను. ఆయిలు పైనుంచి కిందికి దిగుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది, కాబట్టి తడి ఉన్న చోటే లీకు ఉందనుకోకూడదట. ఇంజను శుభ్రంగా తుడిచి, పౌడరు చల్లి, కాసేపు నడిపి, పౌడరు ముందుగా ఎక్కడ తడిసిందో చూడాలట. మా ఆవిడ పౌడరు డబ్బా మొత్తం ఇంజను మీద దులిపి స్టార్టు చేశాను. బానెట్టు మీదికి వంగి చూస్తున్నాను. ఇంజను వేడెక్కి దాని ఫ్యాను తిరుగుతుందన్న సంగతి వీడియో వాడు చెప్పలేదు.

మా ఆవిడ తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“మన పెళ్ళిరోజు కూడా ఇంత పౌడరు రాసుకోలేదు మీరు.”

“ఇంజనుకి గాలాడటం లేదని...”

“గాలాడకపోతే పౌడరు రాస్తారా? రేపు కాటుక కూడా పెట్టండి.”

లీకు మాత్రం దొరకలేదు. అనుమానం ఉన్న ప్రతి బోల్టునీ బిగించాను. ఫిల్టరుని పళ్ళు కొరికి మరీ ఇంకో అర చుట్టు తిప్పాను. అప్పటిదాకా చుక్కలుగా పడేది, ధారకి సిద్ధమైంది.

ఇక్కడినుంచి చెప్పడానికే సిగ్గుగా ఉంది. లీకు ఆపలేకపోయాను కనుక, మరకని తప్పిద్దామనుకున్నాను. మా ఎదురింటాయన పళ్ళ డాక్టరు. ఆయన కారు కొని మూడు నెలలు, గేటు ముందే పెడతారు. ఆయన క్లినిక్కుకి వెళ్ళగానే మా కారు తీసుకెళ్ళి ఆయన గేటు ముందు పెట్టేవాణ్ణి. ఆయన వచ్చే వేళకి వెనక్కి తెచ్చుకునేవాణ్ణి.

“అక్కడెందుకు పెడుతున్నారు?” అంది మా ఆవిడ.

“మన వైపు ఎండ.”

“సాయంత్రం ఆరింటికా?”

నాలుగు రోజులకి డాక్టరుగారు తన గేటు ముందు మరక చూసి కంగారుపడి నా దగ్గరికే వచ్చారు. “మీ మామగారు మెకానిక్కు కదండీ, మీకేమైనా తెలుస్తుందా? నా కారు కింద ఆయిలు కారుతోంది.”

నేను ఆ మరక ముందు గొంతుక్కూర్చుని, వేలితో తాకి, వాసన చూసి, తల పంకించాను. “కొత్త బళ్ళకే ఇలాంటివి వస్తాయండీ. వెంటనే సర్వీసుకి పంపండి.” అవును, నేనే అన్నాను ఆ మాట. పాపం ఆయన పంపేసి, మర్నాటినుంచి బ్యాగు భుజాన వేసుకుని క్లినిక్కుకి నడిచి వెళ్ళేవారు. నేను కిటికీలోంచి చూసి కర్టెను వేసుకునేవాణ్ణి.

ఈలోగా మా ఆవిడ మామగారికి ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున్నే ఆయన దిగారు. మొహం పీక్కుపోయి ఉంది. కాఫీ ముట్టుకోకుండా నేరుగా కారు దగ్గరికి నడిచారు.

“మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అల్లుడుగారూ?”

“అబ్బే, ఎవరు పెడతారండీ.”

బానెట్టు ఎత్తి, టార్చి వేసి చాలాసేపు చూశారు. మా ఆవిడని పిలిచి మెల్లగా ఏదో అన్నారు. గుడ్డ అడుగుతున్నారేమో అనుకున్నాను. తర్వాత వచ్చి మెట్ల మీద కూలబడి, రెండు చేతులూ చాపి చూసుకున్నారు. అవి వణుకుతున్నాయి.

“అయితే నా చేతులదే తప్పమ్మా. బిగింపు కుదరడం లేదు. ఈ పనిముట్ల పెట్టె ఎవరికైనా ఇచ్చెయ్యి. ఇక నేను బండి ముట్టుకోను.”

మా ఆవిడ పెట్టె ముట్టుకోలేదు. నా వంక చూసింది. నేను మంచినీళ్ళ వంకతో లోపలికి పోయాను. గ్లాసు నింపాను, ఒంపాను, మళ్ళీ నింపాను. ముప్పై నాలుగేళ్ళు బస్సులు బాగుచేసిన చేతులు నా మూలాన మెట్ల మీద ఖాళీగా కూర్చున్నాయి. వెనకవైపు గోడ దూకి పారిపోదామనిపించింది. గోడ ఎత్తు చూసి, బయటికే వచ్చాను.

“మామగారూ, మీ చేతులకేం కాలేదు. ఫిల్టరు నేను మార్చాను. మీరు వెళ్ళి నెల తిరక్కుండానే. ఇందాక అబద్ధం చెప్పాను.”

ఆయన చేతుల వణుకు ఠక్కున ఆగిపోయింది.

“తెలుసు బాబూ.”

“తెలుసా?”

“నేను బిగించిన ఏ ఫిల్టరు మీదైనా తెల్ల పెయింటుతో తేదీ, కింద నా పొడి అక్షరాలు వేస్తాను. డిపో అలవాటు. దీని మీద ఏమీ లేదు.”

నేను మా ఆవిడ వైపు తిరిగాను. “నీకూ తెలుసా?”

“ఇందాకే చెవిలో చెప్పారు. మిమ్మల్ని ఎంతసేపట్లో కక్కిస్తారో చూద్దామన్నారు. పది నిమిషాలన్నాను నేను. మీరు నీళ్ళకి పావుగంట పట్టించారు.”

మామగారు పెట్టె తెరిచి కొత్త ఫిల్టరు తీశారు. నా చేతికిస్తారేమోనని చెయ్యి చాపాను. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపి, నన్ను పక్కకి నెట్టి, బేసిను కింద పెట్టి, ఫిల్టరు విప్పింది. చిన్నప్పుడు సెలవులన్నీ డిపోలోనే గడిపిందట. పన్నెండేళ్ళ కాపురంలో నేను అడగలేదు. ఇంజనుకి అతుక్కుని ఉన్న నల్లటి రబ్బరు వాషరుని గోటితో ఒలిచి నా ముందు ఊపింది.

“పాత ఫిల్టరు తీసినప్పుడు దాని వాషరు ఇక్కడే ఉండిపోయింది. దాని మీద ఇంకో వాషరు పెట్టి బిగించారు. రెండుంటే ఎంత బిగించినా నిలవదు. కారుతుంది.”

కొత్తది బిగించి, తుడిచి, ఇంజను అరగంట నడిపింది. చుక్క పడలేదు. ఫిల్టరు మీద తేదీ వేసి, కింద తన అక్షరాలు వేసింది. మామగారు అప్పుడు కాఫీ అడిగారు.

“క్షమించండి మామగారూ,” అన్నాను. “ఇలా తేదీ వెయ్యడం దొంగని పట్టడానికి మంచి పద్ధతే.”

“దొంగని పట్టడానికి కాదు బాబూ. డిపోలో ఏ బస్సుకైనా ఏమన్నా అయితే పక్క మెకానిక్కుని నిలదీస్తారు కదా. మన తప్పు వాడి మీద పడకూడదని వేసుకుంటాం.” కాఫీ ఊదుకుంటూ, మామూలుగా అన్నారు. “ఇందాక వణుకు నాటకమే. కానీ అమ్మాయి ఫోన్ చేసిన దగ్గర్నుంచి ఇవాళ బానెట్టు ఎత్తేదాకా నిజంగా నా తప్పే అనుకున్నాను. నాలుగు రోజులు అన్నం సయించలేదు.”

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడే ఎదురుగా డాక్టరుగారు బ్యాగుతో నడిచి వస్తూ కనిపించారు.

కిరసనాయిలు, బ్రష్షు, బకెట్టు పట్టుకుని రోడ్డు దాటాను. ఎవరూ పంపలేదు, నమ్మండి. ఆయన గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టాను.

“అయ్యో, మీరెందుకండీ! నా కారు మరక నేను కడుక్కుంటాను,” అన్నారాయన.

“మీ కారుది కాదండీ. మా కారుది. నేనే తెచ్చి పెట్టేవాణ్ణి.”

ఆయన బ్యాగు కింద పెట్టారు. నోరు తెరిచి మూయడం మర్చిపోయారు. పళ్ళ డాక్టరుని అలా నోరు తెరిపించింది ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నేను తల దించుకుని రుద్దుతూనే ఉన్నాను.

మా గేటు మీద మోచేతులానించి, అంతా విన్న మా ఆవిడ అక్కడినుంచే కేకేసింది.

“ఏవండీ! అయ్యాక అక్కడ మీ పేరు రాసి, తేదీ వేసి రండి!”