చలపతి కారపుడబ్బా దక్కించుకొనిన విధము

వినుడు, ఆకలిగొన్న జనులారా! సూర్యుడు సెలవుపెట్టగా మేఘుడు రాజ్యమేలు లీడ్స్ మహానగరమున, శనివారపు సంతలో, ట్రినిడాడ్ ద్వీపవాసినియగు గ్లోరియా ఆంటీ బండియొద్ద, సలసల కాగు నూనెలో మెత్తని పూరీలు పొంగుచుండ, వానిపై వేడివేడి శనగలకూర కుమ్మరింపబడుచుండ, ‘డబుల్స్’ అను ఆ దివ్యభక్ష్యమునకై గుంటూరుమండల మార్తాండుడు, మిరపబజ్జీభంజనుడు, సాఫ్ట్‌వేరుధురంధరుడునగు చలపతి క్యూలో నిలిచియుండెను.

ఆ వీరుని కోటుజేబున నొక కారపుడబ్బా కలదు. ఏ హోటలున కేగినను, ఎవరింట విందారగించినను, రుచి చూడకమునుపే దానిని తెరచి చల్లుట ఆయన నిత్యవ్రతము. దానివలన భార్య కిరణ్మయి పదుగురిలో సిగ్గుతో చచ్చుచుండెను.

“పెప్పర్ స్లైట్‌గా వెయ్యనా, డార్లిన్?” అని మిరపపచ్చడి గరిటె నెత్తి ఆంటీ అడిగినది.

“స్లైట్! గుంటూరువానితో స్లైటా! ఓ ద్వీపేశ్వరీ! మిర్చియార్డు ఘాటుగాలి పీల్చి పెరిగిన ప్రచండజిహ్వుడను! ప్లెంటీ, మేడమ్, ప్లెంటీ!”

“ఏవండీ, ఆవిడ మిరపకాయలు మనవాటిలా ఉండవు,” అన్నది కిరణ్మయి. “సరే, పందెం. మంచినీళ్లు ముట్టుకున్నారంటే ఆ డబ్బా నాకిచ్చెయ్యాలి. ఇంకెవరింటికీ తేకూడదు.”

“అంగీకరించితిని!” అని గర్జించి, ఆ మహానుభావుడు, అలవాటు చొప్పున, ఆ ప్లెంటీపైన తన కారము కూడ చల్లుకొనెను! ఇట్టివానిని ఎవడు కాపాడగలడు?

తొలిముద్ద తీయగా పలుకరించెను. మలిముద్దలో ద్వీపమిరపసేన విజృంభించెను. జిహ్వాదుర్గము కూలెను, కర్ణద్వయము భగ్గుమనెను, నాసిక వరదయయ్యెను. ఐనను, రుచి వదలనీయకుండెను గనుక, కడపటి శనగవరకు పోరాడెను.

“వాటర్, డాడ్?” అని కూతురు వర్షిత సీసా ఊపినది.

“వ... వ...” అనెనే గాని, “వలదు” అను మాట పూర్తికాలేదు. కుడిచేయి సీసావైపు కదలెను. ఎడమచేతిలో డబ్బా ఇంకను మూతలేకయే యుండెను. పాపము, నాకే జాలి కలిగినది.

అంతలో లీడ్స్ ఆకాశము తన నిత్యకృత్యము నారంభించెను. జనులెల్ల గొడుగులు తెరచిరి. చలపతి నోరు తెరచెను.

“దట్స్ చీటింగ్, మమ్!” అని వర్షిత అరచినది.

“నేను ముట్టుకోలేదే, అదే వచ్చి పడింది!” అని వీరుడు మొత్తుకొనెను.

కిరణ్మయి నవ్వాపుకోలేక, “సరే లెండి, ఉంచుకోండి మీ డబ్బా,” అన్నది.

చలపతి విజయగర్వమున డబ్బాలోనికి చూచెను. కారమంతయు వానకు నాని పచ్చడియై యుండెను. ఐననేమి! లోకులారా, చాటుడు! డబ్బా దక్కెను!