తొమ్మిది బండల ఇంగ్లిష్

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నేను తొమ్మిదో తరగతితోనే చదువు ఆపేశానని మా సహస్రకు నలుగురిలో తెలిసిపోవడం. దానికి ఆరేళ్లు. నేను పండితురాలిననే ఇంకా అనుకుంటోంది.

తాండూరులో దాని బడినుంచి చీటీ వచ్చింది. తల్లులు తలా ఒక ఇంగ్లిష్ మాట గురించి, ఇంగ్లిష్‌లోనే, స్టేజీ మీద చెప్పాలట. నాకు వచ్చింది ‘వింగ్ ఇట్’. ఫోన్‌లో వెతికాను. ముందుగా తయారు కాకుండా అప్పటికప్పుడు నెట్టుకురావడమట. డైలాగులు రాని నటులకు స్టేజీ పక్కనుంచి అందించేవారట. ఆ పక్కను వింగ్ అంటారు, మాట అక్కడ పుట్టిందట.

మా వంటింట్లో కింద తొమ్మిది తాండూరు బండలు. బండకో వాక్యం సుద్దముక్కతో రాసుకున్నాను. పొయ్యి ముందు అర్థం, సింకు ముందు పుట్టుక, గడప దగ్గర థాంక్యూ. వారంపాటు వాటిమీద నడుస్తూ చదివాను.

మా ఆయన బాల్‌రాజ్ బండల పాలిషింగ్‌లో పనిచేస్తాడు. తలుపు దగ్గర నిలబడి అన్నాడు:

"తయారు గాకుండ మాట్లాడుడు గురించి వారం సంది తయారైతున్నవా?"

"నీకేంది? నువ్వు బండలకు పాలిష్ జేస్తవ్. గిప్పుడు బండలే నాకు జేస్తున్నయ్."

"మంచిదే. జర జరుగు, చాయ్ పెట్టుకుంట."

"పొయ్యికాడికి రాకు. అర్థం చెరిగిపోతది."

వారమంతా ఆయన చాయ్ హోటల్లోనే తాగాడు.

బడి స్టేజీ మీదా అవే బండలు. ధైర్యం వచ్చింది. అడుగుకో వాక్యం చెప్పుకుంటూ నడిచాను. స్టేజీకి ఉన్నవి అయిదు బండలే. బండలు అయిపోయాయి గానీ నోరూ కాళ్లూ ఆగలేదు. ఆరో వాక్యం మెట్లమీద, ఏడోది హెడ్మాస్టర్ గారి కుర్చీ ముందు, ఎనిమిదోది పిల్లల మధ్యలో. థాంక్యూ మాత్రం బయట చేతులు కడిగే నల్లాకు చెప్పాను. మైకు తీగ పట్టుకుని మా ఆయన, తాడు పట్టుకుని బర్రె వెనక వచ్చినట్టు, నా వెనకే వచ్చాడు.

"అమ్మా, అందరు స్టేజీ దాకనే చెప్పిన్రు. నువ్వు నల్లా దాక చెప్పినవ్," అంది సహస్ర గర్వంగా.

రెబెక్క టీచర్ పరుగున వచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అంబిక గారూ, అందరు అర్థం చెప్పిన్రు, మీరు చేసి చూపెట్టిన్రు. శనివారం వికారాబాద్ ఫంక్షన్ హాల్ల మన బడి తరఫున మీరే మాట్లాడాలె. గట్లనే నడుసుకుంట."

హాల్లో బండలు లెక్కపెట్టి వస్తానని మా ఆయన పొద్దున్నే రైలెక్కాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"గీడ బండలే లేవే, అంత కార్పెట్ ఉన్నది. ఫికర్ జెయ్యకు, కింద ఉంటయ్ గావచ్చు. దూరి చూస్త."

అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు.

వికారాబాద్‌లో ఎవరైనా ఉంటే ఆ హాలు దాకా వెళ్లి, కార్పెట్ ఎక్కడైనా ఎత్తుగా కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే తొక్కకండి. అన్నం తిన్నాడో లేదో అడగండి.