జూన్‌లో వచ్చేదెవరు?

ఆ సోమవారం పొద్దున్న ప్రసన్నకుమారి బడికి వస్తూ ఒకటే అనుకుంది: ఎనిమిదో తరగతికి సోషల్ పాఠాలు మళ్ళీ చదివి వినిపించకూడదు, ఆడించాలి. తను ఆధారాలు చెబుతుంది, పిల్లలు జవాబు ఊహిస్తారు. మొదటి జవాబు నైరుతి ఋతుపవనాలు. రామచంద్రపురం దగ్గరి పిల్లలకు వాన సంగతి ఒకరు చెప్పాలా? చిటికెలో తేలుతుందని ఆవిడ ధీమా.

"జూన్‌లో వస్తాను. అందరూ నా కోసం ఎదురుచూస్తారు. నేనెవర్ని?"

"మురళీకృష్ణ మాస్టారండీ!" అంది ముందు బెంచీలో మంజుష.

క్లాసు గొల్లుమంది. ప్రసన్నకుమారి చేతిలో చాక్‌పీసు విరిగింది. మురళీకృష్ణ లెక్కల మాస్టారు. కిందటేడు జూన్‌లోనే ఈ బడికి వచ్చాడు. దసరా సెలవుల్లో, సర్దుబాటు పేరుతో సముద్రం ఒడ్డున ఉప్పాడ వైపు బడికి పంపేశారు. ఉన్నన్నాళ్ళూ స్టాఫ్‌రూములో ఆవిడకి ఎదురుగా కూర్చుని, తను తెచ్చుకున్న మాగాయ అడక్కుండానే ఆవిడ డబ్బా మూతలో వేసేవాడు. ఆ కుర్చీ నిండా ఇప్పుడు జవాబు పత్రాల కట్టలు. ఇంకెవరూ కూర్చోకుండా ఆవిడే పెట్టింది.

"కాదు. సరిగ్గా వినండి. సముద్రం మీంచి వస్తాను."

"ఉప్పాడ నుంచి కదండీ! మాస్టారే!"

"వెళ్ళేటప్పుడు ఒక్కమాటైనా చెప్పకుండా వెళ్ళిపోతాను."

ఈ ఆధారం పాఠంలో లేదు. నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. పిల్లలకి మాత్రం అనుమానం తీరిపోయింది. బల్లలు చరుస్తూ, "మాస్టారొచ్చేస్తున్నారోయ్!" అని అరిచారు.

వరండాలో పోతున్న హెడ్మాస్టరు శ్రీరామరాజుగారి చెవిన ఆ చివరి కేక పడింది. లెక్కల మాస్టారు లేక కొన్ని నెలలుగా ఆయనే లెక్కలు చెబుతూ, తప్పులు పిల్లల చేత దిద్దించుకుంటున్నారు. ఆనందం పట్టలేక స్టాఫ్‌రూములోకి పరుగెత్తారు.

"మన మురళి వచ్చేస్తున్నాడండోయ్!"

"ఆర్డరొచ్చిందాండీ?" అడిగాడు డ్రిల్లు మాస్టారు లోవరాజు.

"ప్రసన్నకుమారిగారే క్లాసులో చెప్పారయ్యా!"

లోవరాజు వెంటనే బడి వాట్సాప్ గ్రూపులో 'మురళి మాస్టారికి పునఃస్వాగతం' అని పెట్టాడు. తల్లిదండ్రులు దండాలు పెట్టారు. వంట చేసే లక్ష్మీనరసమ్మ సేమ్యా పాయసం పొయ్యిమీద పెట్టింది. ప్రసన్నకుమారి క్లాసు ముగించుకుని వచ్చేసరికి అందరూ ఆవిడకే అభినందనలు చెప్పారు.

"అయ్యో! అది ఋతుపవనాలండీ!"

"ఏ పవనాలైతేనేం, లెక్కలు చెబితే చాలు," అన్నారు హెడ్మాస్టరు.

విషయం ఆయన తలకెక్కి, లోవరాజు చేత ఆ మెసేజి తీయించేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే చూడాల్సినాయన చూసేశాడు.

చివరి బెల్లు వేళకి మురళీకృష్ణ సూట్‌కేసుతో గేటు దగ్గర దిగాడు.

"ఆర్డరేదయ్యా?" అన్నారు హెడ్మాస్టరు నీరసంగా.

"మీ దగ్గరుందనుకున్నానండి."

జరిగింది చెబితే అందరితోపాటు తనూ నవ్వాడు. పాయసం రెండుసార్లు పెట్టించుకున్నాడు. అతన్ని సాగనంపడానికి వెళ్ళిన ప్రసన్నకుమారి మాత్రం బస్టాపు దాకా తలెత్తలేదు.

"నా ఆట వల్ల మీకు ఇన్ని తిప్పలు. బయల్దేరేముందు ఒక్క ఫోను చేసి అడగాల్సిందండి."

మురళీకృష్ణ సూట్‌కేసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అడిగితే లేదంటారేమోనని అడగలేదండి."

ఆవిడ తలెత్తింది. చెప్పాల్సింది చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటోంది.

ఎప్పుడూ గంట ఆలస్యంగా వచ్చే కాకినాడ బస్సు ఆ సాయంత్రం టైముకే వచ్చింది.